సాకెట్ సర్వర్‌కి ఒకేసారి చాలామంది క్లయింట్లు వస్తే: సి, పీథ్రెడ్స్‌తో

నమస్తే అండి. పోయిన వీడియోలో ఎకో సర్వర్ రాశాం కదా, క్లయింట్ ఏం పంపితే అదే తిరిగి పంపేది, అదే రన్ చేస్తున్నా చూడండి. ఈ పక్కన ఎన్‌సీతో, అంటే టెర్మినల్ నుంచి సర్వర్‌కి కనెక్ట్ అయ్యే చిన్న టూల్‌తో, కనెక్ట్ అయ్యాను, హలో అన్నాను, హలో వచ్చింది. ఇప్పుడు రెండో టెర్మినల్... హలో... ఏమీ రాలేదు. కనెక్ట్ అయితే అయింది, కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని లిజెన్ క్యూలో పెట్టేసుకుంది, కానీ మన ప్రోగ్రాం ఇంకా మొదటి క్లయింట్ దగ్గరే రీడ్‌లో ఆగి ఉంది. మొదటిదాంట్లో కంట్రోల్ సీ కొడతా... చూశారా, వెంటనే ఇక్కడ హలో పడింది.

స్క్రీన్ ఇలా ముక్కలుగా ఎలా చేశారని అడుగుతుంటారు, ఇది టీమక్స్ అండి, కంట్రోల్ బీ కొట్టి పర్సెంట్ గుర్తు, అంతే. నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఇది అలవాటు చేసుకోండి, చాలా సుఖం.

సరే, సర్వర్‌ని పోర్ట్ మీద నిలబెట్టే సాకెట్, బైండ్, లిజెన్, వీటిని ముట్టుకోవట్లేదు. బైండ్‌కి ముందు రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టాను, ఇది లేకపోతే సర్వర్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు అడ్రస్ వాడుకలో ఉందంటుంది, లైనక్స్‌లో ఒక నిమిషం ఆగాలి. మార్చేది కింద ఈ లూప్ ఒక్కటే. యాక్సెప్ట్, ఇది క్యూలోంచి క్లయింట్‌ని తీసుకుని ఆ కనెక్షన్‌కి ఒక నంబరు ఇస్తుంది, తర్వాత పీథ్రెడ్ క్రియేట్, ఇది మిగతా ప్రోగ్రాంతో పాటే పక్కన నడిచే థ్రెడ్‌ని మొదలుపెడుతుంది, దానికి క్లయింట్‌తో మాట్లాడే హ్యాండ్లర్ ఫంక్షను, చివర్లో ఆ క్లయింట్ నంబరు ఉన్న వేరియబుల్ అడ్రసు. తర్వాత డిటాచ్, లేకపోతే పనైపోయిన థ్రెడ్ల మెమరీ వెనక్కి రాదు. కంపైల్... మైనస్ పీథ్రెడ్ మర్చిపోకండి... రన్. రెండు టెర్మినళ్ళలో హలో, రెండిట్లోనూ వచ్చింది.

అయిపోయిందనుకుంటాం కదా? ఇక్కడ ఆగండి. ఈ పీథ్రెడ్ క్రియేట్ లైన్ దగ్గర నేను రెండు రోజులు కూర్చున్నాను, చేత్తో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా బాగానే నడిచేది, లోడ్ పడితే మాత్రం కొందరు క్లయింట్లు జవాబు రాక అలా ఉండిపోయేవాళ్ళు.

హ్యాండ్లర్ మొదటి లైన్‌లో ఒక సెకను స్లీప్ పెడుతున్నా, దాని కింద ఆ థ్రెడ్‌కి ఏ క్లయింట్ నంబరు వచ్చిందో ప్రింట్ చేయిస్తున్నా. ఇప్పుడు రెండు క్లయింట్లు టకటకా... ప్రింట్ చూడండి. 5. మళ్ళీ 5. 4 ఏది? రెండు థ్రెడ్లూ 5 పట్టుకున్నాయి, 4 నంబరు క్లయింట్‌ని చూసే దిక్కు లేదు.

మనం థ్రెడ్‌కి ఇచ్చింది నంబరు కాదు, నంబరు ఉన్న చోటు. టిఫిన్ సెంటర్‌లో కుర్రాడికి టేబుల్ నంబరు చేతికివ్వకుండా గోడ మీద పలక చూపించి, అక్కడ రాసిన టేబుల్‌కి ఇడ్లీ ఇవ్వు అన్నట్టు. వాడు తలెత్తి చూసేలోపు పలక మీద 4 చెరిపేసి 5 రాశారు. ఇంకా ఘోరం, ఒక థ్రెడ్ 5ని క్లోజ్ చేస్తే కెర్నల్ అదే 5ని కొత్త క్లయింట్‌కి ఇస్తుంది, అప్పుడు రెండో థ్రెడ్ ఎవరిదో కనెక్షన్ క్లోజ్ చేసేస్తుంది.

అందుకని ప్రతి క్లయింట్‌కీ మాలాక్‌తో మెమరీలో వేరే చోటు, అందులో నంబరు రాసి, ఆ పాయింటర్, అంటే ఆ చోటు అడ్రసు, థ్రెడ్‌కి ఇస్తాం. హ్యాండ్లర్‌లో నంబరు కాపీ చేసుకోగానే ఫ్రీతో ఆ చోటు వెనక్కి ఇచ్చేస్తాం. ఇదిగో, ఈ మూడు లైన్లు. మళ్ళీ రన్... 4, 5. ఆ స్లీప్ అలాగే ఉంది, గమనించండి, అయినా సరిగ్గానే వచ్చింది.

ఇలాంటివి కంటితో పట్టుకోలేం కాబట్టి కంపైల్ చేసేటప్పుడు మైనస్ జీతో పాటు మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ థ్రెడ్ పెట్టి ఒకసారి నడపండి, పాత కోడ్‌తో నడిపితే డేటా రేస్, అంటే రెండు థ్రెడ్లు ఒకే చోటుని ఒకేసారి ముట్టుకుంటున్నాయి, అని రాసి, ఏ రెండు లైన్లు కొట్టుకుంటున్నాయో చూపిస్తుంది. నేను ఇప్పుడు ఇది లేకుండా థ్రెడ్ కోడ్ ఎవరికీ ఇవ్వను.

ఎంతమంది కనెక్ట్ అయ్యారో లెక్కించే కౌంటర్‌కి మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం, లాక్, ప్లస్ ప్లస్, అన్‌లాక్. లాక్ పట్టుకుని మాత్రం రీడ్, రైట్ చేయకండి, ఒక క్లయింట్ నెట్ స్లోగా ఉంటే అందరూ ఆగిపోతారు.

ఇంకొక్కటి. యూలిమిట్ మైనస్ ఎన్ కొడితే నా దగ్గర 1024, అంటే ఒక ప్రాసెస్ ఫైళ్ళు, సాకెట్లు కలిపి ఒకేసారి అంతవరకే తెరవగలదు. అది నిండితే యాక్సెప్ట్ మైనస్ వన్ ఇస్తుంది. అప్పుడు ఊరికే కంటిన్యూ రాస్తే, ఆ క్లయింట్ ఇంకా క్యూలోనే ఉంటాడు కాబట్టి లూప్ ఆగకుండా తిరిగి సీపీయూ మొత్తం తినేస్తుంది, అందుకే ఇక్కడ చిన్న స్లీప్ పెట్టి అప్పుడు కంటిన్యూ రాశాను. వేలల్లో కనెక్షన్లుంటే మనిషికో థ్రెడ్ వద్దు, ఒకే థ్రెడ్‌తో చాలా కనెక్షన్లని గమనించే ఈపోల్ వాడాలి, వచ్చే వీడియోలో ఇదే సర్వర్‌ని దానిలోకి మారుద్దాం. కోడ్ డిస్క్రిప్షన్‌లో ఉంది, హ్యాండ్లర్‌లోని ఆ ఒక సెకను స్లీప్ లైన్ కామెంట్ చేసి పెట్టాను, కామెంట్ తీసి నడిపి చూడండి.