ఈసీసీ ఉంటే చాలదా? మెమరీలోనే లెక్క చేస్తే తప్పును పట్టేదెవరు?

నమస్తే. ప్రాజెక్టు రివ్యూలు మొదలయ్యాయంటే నాకు ఒక జవాబు తప్పకుండా వినిపిస్తుంది. పిల్లలు పిమ్ మీద, అంటే డేటాను ప్రాసెసర్ దాకా మోయకుండా మెమరీ లోపలే లెక్క చేసే హార్డ్‌వేర్ మీద, మంచి ప్రాజెక్టు చేసుకొస్తారు. "మరి లెక్కలో తప్పు వస్తే?" అని అడుగుతాను. "ఈసీసీ మెమరీ ఉంది కదా సార్" అంటారు, అంటే తిరగబడిన బిట్లను తనే పట్టి దిద్దే మెమరీ. వెంటనే తర్వాతి స్లైడ్.

పిల్లలను అనడం లేదు, మనమే అలా నేర్పాం. కానీ ఈ జవాబు విన్న ప్రతిసారీ నాకు మనసు ఊరుకోదు. ఈసీసీ కాపాడేది దాచిపెట్టిన డేటాను. లెక్క చేస్తే కొత్తగా పుట్టిన డేటా సంగతి దానికి తెలియదు. ఇవాళ్టి వీడియో అంతా ఈ ఒక్క తేడా గురించే.

పిమ్ ఎందుకు వచ్చింది, డేటా మోతకు ఎంత కరెంటు పోతుంది, ఇవన్నీ మీకు తెలిసినవే. నేరుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోదాం.

[తెర మీద: యార్డులో మిర్చి బస్తాల వరుసలు]

చిన్నప్పుడు మా బాపుతో ఈ యార్డుకు వచ్చేవాణ్ణి. దడువాయి కాంటా మీద బస్తా పెట్టి బరువు చెప్పే దాకా బాపు కళ్లు ఆ ముల్లు మీదే ఉండేవి. ఇప్పుడు ఇలా అనుకోండి. మార్కెట్ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు మన మెమరీ. యార్డు ప్రాసెసర్. యార్డు గేటు దగ్గర కాంటా ఉంది, అది మెమరీ కంట్రోలర్. ప్రతి బస్తాకూ ఒక చిట్టీ కట్టి ఉంది: 40 కిలోలు. కాంటా కూడా 40 చూపిస్తే బస్తా లోపలికి పోతుంది. 38 చూపిస్తే అక్కడే ఆపేస్తారు.

ఆ చిట్టీయే చెక్ బిట్లు. సర్వర్ మెమరీలో 64 బిట్ల డేటాకు 8 చెక్ బిట్లు తోడుంటాయి, మొత్తం 72. ఒక బిట్ తిరగబడితే దిద్దేస్తుంది, రెండు తిరగబడితే తప్పుందని చెబుతుంది. 1950లో రిచర్డ్ హామింగ్ వేసిన బాట ఇది. మా సబ్జెక్టులో ఇంత అందమైన ఆలోచన నాకు ఇంకోటి కనిపించలేదు.

మరి పిమ్ ఏం చేస్తుంది? బస్తాలను యార్డుకు తేదు. కోల్డ్ స్టోరేజీలోనే మూతి విప్పి, రెండింటినీ కలిపి, కొత్త బస్తా కట్టేస్తుంది. మోత ఖర్చు మిగిలింది, సంతోషమే. కానీ ఆ బస్తాలు గేటు దాటనే లేదు, కాంటా వాటిని చూడనే లేదు. కొత్త బస్తాకు చిట్టీ ఎవరు రాస్తారు?

ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మామూలు సర్వర్ మెమరీ కార్డులో ఆ 64 బిట్లు ఒకే చిప్‌లో ఉండవు. ఒక సాధారణ అమరికలో 8 చిప్‌లు తలా 8 బిట్లు పంచుకుంటాయి, చెక్ బిట్లు తొమ్మిదో చిప్‌లో ఉంటాయి. మీ పిమ్ యూనిట్ మూడో చిప్ లోపల ఉందనుకోండి. దానికి కనిపించేది బస్తాలో ఎనిమిదో వంతు. చిట్టీ వేరే కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఏ కాంటా పెట్టినా ఏం లాభం?

"డీడీఆర్5 తరం మెమరీలో చిప్ లోపలే ఈసీసీ ఉంటుంది కదా" అంటారు. నిజమే, 128 బిట్లకు 8 చెక్ బిట్లు. చిప్ లోపల, మెమరీ గడుల పక్కన కూర్చున్న చిన్న ప్రాసెసర్‌తో లెక్క చేయిస్తే, డేటా ఆ కాంటా మీదుగా వచ్చేలా డిజైన్ చేసుకోవచ్చు. చదివిన డేటా వరకు అది పనికొస్తుంది. లెక్క చేసే సర్క్యూట్‌లోనే తప్పు జరిగితే ఆ తప్పు జవాబుకే కొత్త చిట్టీ కట్టి, పద్ధతిగా దాచిపెడుతుంది. ఇక మెమరీ వరుసల్లోనే నేరుగా లెక్క చేసే రకం ఉంది. మూడు వరుసలను ఒకేసారి తెరిస్తే వాటి ఛార్జ్ కలిసి, 0, 1లలో ఏది ఎక్కువైతే అది జవాబుగా నిలుస్తుంది. మూడో వరుసలో అన్నీ సున్నాలు పెడితే యాండ్ (రెండూ 1 అయితేనే 1), అన్నీ ఒకట్లు పెడితే ఆర్ (ఏ ఒక్కటి 1 అయినా 1). ఇక్కడ డేటా చిప్ లోపలి కాంటా దాకా కూడా రాదు.

"అయితే చిట్టీల మీద కూడా అదే లెక్క చేద్దాం" అనిపిస్తుంది. తెలివైన ఆలోచనే. 40 కిలోల బస్తా, 35 కిలోల బస్తా కలిపితే చిట్టీ 75 అని చూడకుండానే రాయొచ్చు. కానీ అన్ని లెక్కలూ ఇలా ఉండవు.

[తెర మీద: 1011, 0110. కింద రెండో జత: 1011, 0011]

బిట్లలో ఒకట్లు బేసి సంఖ్యలో ఉంటే చిట్టీ 1, సరి సంఖ్యలో ఉంటే 0 అనుకుందాం. మొదటి జత చిట్టీలు 1, 0. రెండో జత చిట్టీలు కూడా 1, 0. ఎక్సార్ చేస్తే, అంటే రెండు బిట్లూ వేరైతేనే 1 రాస్తే, మొదటిది 1101, రెండోది 1000. రెండింటికీ చిట్టీ 1, చిట్టీలను ఎక్సార్ చేసినా 1. చక్కగా కుదిరింది. ఇప్పుడు యాండ్ చేయండి. మొదటిది 0010, చిట్టీ 1. రెండోది 0011, చిట్టీ 0. మొదలుపెట్టిన చిట్టీలు ఒకటే, వచ్చినవి మాత్రం వేరు. అంటే పాత చిట్టీలు చూసి కొత్త చిట్టీ రాసే దారే లేదు. హామింగ్ కోడ్‌కూ ఇదే కష్టం. అందుకే యాండ్, ఆర్ దగ్గర చాలాసార్లు అదే లెక్కను మూడు చోట్ల చేసి, ఇద్దరు చెప్పిన జవాబు తీసుకుంటారు. మూడింతల పని, అయినా వేరే దారి దొరకనప్పుడు ఇదే నిజాయితీ గల దారి.

ఇక్కడ బెల్జియం సంగతి చెప్పాలి. 2003 ఎన్నికల్లో, బ్రసెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా వచ్చాయి. 4096 అంటే 2ను 12 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. కంప్యూటర్ మెమరీలో ఒకే ఒక్క బిట్ తిరగబడి ఉంటుందని అనుమానించారు, రుజువు మాత్రం కాలేదు. అది బయటపడింది ఎలాగంటే, ఆ అభ్యర్థికి రావడానికి వీలున్న ఓట్ల కంటే లెక్క ఎక్కువైంది. జవాబునే అనుమానించారు కాబట్టి దొరికింది.

జవాబును తూచే పద్ధతుల్లో నాకు బాగా ఇష్టమైనది 1984లో హువాంగ్, అబ్రహాం అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చినది. మ్యాట్రిక్స్ లెక్కలకు అదనంగా ఒక నిలువు వరుస పెట్టి, అందులో మిగతా నిలువు వరుసల మొత్తం రాస్తారు. చూడండి: మొదటి నిలువు 1, 4. రెండోది 5, 2. అదనపుది 6, 6. ఇన్‌పుట్ 2, 3 ఇచ్చాం. మొదటి నిలువు జవాబు 14, రెండోది 16, అదనపుది 30. 14కు 16 కలిపితే 30. ఏ ఒక్కటి తప్పినా కుదరదు. కొత్త బస్తాలు కోల్డ్ స్టోరేజీలోనే కట్టినా, అక్కడే ఒక దడువాయిని కూర్చోబెట్టినట్టు.

రెసిస్టర్ల గడుల్లో కరెంటు కొలిచి లెక్క చేసే అనలాగ్ పిమ్‌లో మాత్రం 30 రాదు, 29.8 వస్తుంది. అది తప్పా, లేక కొలతలో ఎప్పుడూ ఉండే చిన్న ఊగిసలాటా, అంటే మామూలు నాయిసా? వడ్లు అమ్మిన ప్రతి ఇంట్లో తెలిసిన గొడవే ఇది: తరుగు ఎంత తీయాలి? ఎక్కువ వదిలేస్తే అసలు తప్పు అందులో దాక్కుంటుంది, పిసరంత కూడా వదలకపోతే మంచి జవాబునూ తిప్పి పంపుతాం. ఆ గీతను గడులను కొలిచి గీయాలి, అందాజాగా కాదు. వేడికి, కాలానికి గడుల విలువ జరుగుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొలవాలి కూడా.

సమయం అయిపోవస్తోంది, కోలుకోవడం గురించి గబగబా చెప్పేస్తాను. తప్పు దొరికితే ముందు అదే లెక్క మళ్లీ చేయాలి. రెండోసారి సరిగ్గా వస్తే అది క్షణికమైన తప్పు, ముందుకు పోవచ్చు. మళ్లీ అదే చోట అదే తప్పు వస్తే ఆ గడి పాడైంది. దాన్ని పక్కనపెట్టి, ముందే ఉంచుకున్న స్పేర్ వరుసకు పని మార్చాలి. అయితే మళ్లీ చేయడానికి పాత బస్తాలు ఉండాలి కదా! మూడు వరుసలు కలిపి తెరిస్తే మూడింట్లోనూ జవాబే మిగులుతుంది, ఇన్‌పుట్ చెరిగిపోతుంది. తేజ మిర్చి, చపాటా మిర్చి ఒకసారి కలిపేశాక మళ్లీ విడదీయలేం. కాబట్టి లెక్కకు ముందే వేరే వరుసల్లోకి కాపీ చేసుకుని, ఆ కాపీల మీదే లెక్క చేయాలి. పెద్ద లెక్కలైతే మధ్యమధ్యలో అప్పటిదాకా వచ్చిన ఫలితాలను చెక్‌పాయింట్లుగా దాచుకోవాలి.

ఒక్కటి మిగిలింది. "న్యూరల్ నెట్‌వర్కే కదా, చిన్న తప్పులు తట్టుకుంటుంది" అనే మాట. న్యూరల్ నెట్‌వర్కుల్లో వాడే 16 బిట్ల సంఖ్యా రూపం బీఫ్లోట్16లో 0.5 రాసి, ఘాతంలో పై బిట్ ఒక్కటి తిప్పండి. ఆ 0.5 కాస్తా 17 పక్కన 37 సున్నాలు పెట్టినంత సంఖ్య అవుతుంది. దాన్ని తర్వాతి లేయర్‌కు పంపి చూడండి.