ఆట ఎవరిది, వార్త ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

1996 మే నెలలో ఇంగ్లండులో రగ్బీ లీగ్ ఆడే విగాన్, రగ్బీ యూనియన్ ఆడే బాత్ జట్లు రెండుసార్లు తలపడ్డాయి. మాంచెస్టర్‌లో రగ్బీ లీగ్ నిబంధనలతో ఆడినప్పుడు విగాన్ 82-6తో గెలిచింది. కొద్ది రోజులకే లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో రగ్బీ యూనియన్ నిబంధనలతో ఆడితే బాత్ 44-19తో గెలిచింది. లీగ్‌లో జట్టుకు 13 మంది, బంతితో ఉన్న జట్టు ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివారికి ఇచ్చేయాలి. యూనియన్‌లో 15 మంది, నేలమీద పడిన బంతి కోసం గుంపులుగా పెనుగులాడతారు. ఇవి రెండు వేర్వేరు విద్యలు. ఒకదాని కొలతతో రెండోదాన్ని తూచడం అన్యాయం. అయినా క్రీడా విలేఖరులు చాలామంది దశాబ్దాల పాటు అదే చేశారు.

దీనికి మూలం కూలి డబ్బులు. ఉత్తర ఇంగ్లండులో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం పని మానుకుని ఆడేవారు. పోయిన కూలిని క్లబ్బు ఇవ్వకూడదని రగ్బీ పెద్దలు పట్టుబట్టారు. ఆకలితో ఆడమనడం కాక ఇదేమిటి? 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. రగ్బీ లీగ్‌కు అదే పుట్టుక. అటు వెళ్లిన ఆటగాడికి యూనియన్ తలుపులు శాశ్వతంగా మూసుకుపోయేవి. 1995లో యూనియన్ తానే జీతాలకు ఒప్పుకునే దాకా ఈ వెలి సాగింది. అన్నాళ్లూ లండన్ పత్రికలు యూనియన్‌కే పెద్దపీట వేశాయి. లీగ్ వాటికి ఉత్తరాది వాళ్ల ఊరి ఆట. మైదానంలో ఎవరు బాగా ఆడారన్న దానికన్నా ఆడేవారు ఏ వర్గం వారన్నదే ఆ రాతల్లో ముందు నిలిచింది.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఆస్ట్రేలియా ఉదంతం. సిడ్నీలో లీగ్ జనం ఆట. 1990ల నడుమ టెలివిజన్ హక్కుల కోసం మీడియా అధిపతులు రూపర్ట్ మర్డోక్, కెర్రీ ప్యాకర్‌ల సంస్థలు పోరాడుకుని, 1997లో లీగ్‌ను రెండు పోటీలుగా చీల్చాయి. ఆ ఏడాది చివర రాజీ కుదిరి, 1998లో ఒకే పోటీ మొదలైంది. కొత్త జాతీయ లీగ్‌లో సగం వాటా మర్డోక్ సంస్థ చేతికి వచ్చింది, 2012 దాకా ఉంది. సిడ్నీ పత్రిక డైలీ టెలిగ్రాఫ్ కూడా ఆ సంస్థదే! పోటీలో సగం వాటాదారు, దాని గురించి రాసే పత్రికకు యజమాని ఒక్కరే అయ్యారు. కంచే చేను మేస్తే కాపలా ఎవరు కాస్తారు?

ఆ లీగ్ 1999 సీజన్ ముగిశాక, 1908 నుంచి ఆడుతున్న సౌత్ సిడ్నీ క్లబ్బును బయటికి పంపింది. వేలాది జనం వీధుల్లోకి వచ్చి ఊరేగారు, క్లబ్బు కోర్టుకెక్కింది. 2002లో ఆ జట్టు తిరిగి మైదానంలో అడుగుపెట్టింది. ఆ రెండేళ్లూ అభిమాని తన క్లబ్బు గురించిన వార్తను ఏ నమ్మకంతో చదవాలి? విలేఖరి ఎంత నిజాయితీపరుడైనా, జీతమిచ్చేది ఎవరన్న అనుమానం ప్రతి వాక్యం మీదా పడుతుంది. ఆ అనుమానం విలేఖరికీ అన్యాయమే.

అభిమానికి పక్షపాతం ఉండవచ్చు, అది అతని హక్కు. విలేఖరికి ఆ హక్కు లేదు. తాను వార్త రాసే పోటీలో పత్రిక యజమానికి వాటా ఉంటే, ఆ మాట వార్త మొదట్లోనే, అందరికీ కనబడే అక్షరాలతో అచ్చువేయాలి. పాఠకులు పట్టుబట్టి అడగవలసింది ఇదే. నమస్కారం.