తోడు పోయిన తరువాతి ఏడాది

శ్రోతలకు నమస్కారం.

భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారిని పలకరించడానికి వెళ్లినప్పుడు మనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. వేళకు అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా, బీపీ మాత్ర మానలేదు కదా అని అడుగుతాం. అడగడానికి అందరమూ మొహమాటపడే ప్రశ్న మరొకటుంది. అది శారీరక సంబంధాల గురించి, వాటి ద్వారా సోకే సుఖవ్యాధుల గురించి. దాని గురించే ఈ పూట మాట్లాడతాను.

2009లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో కిర్‌స్టెన్ స్మిత్, నికొలాస్ క్రిస్టాకిస్ అనే పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వృద్ధులకు అమెరికా ప్రభుత్వం కల్పించే మెడికేర్ బీమా రికార్డుల ఆధారంగా, 67 నుంచి 99 ఏళ్ల వయసున్న 4,20,790 జంటల వివరాలను వారు పరిశీలించారు. భార్య చనిపోయిన పురుషులలో సుఖవ్యాధులు బయటపడే అవకాశం పెరిగిందనీ, 1998లో అంగస్తంభన కోసం వాడే వయాగ్రా మాత్ర మార్కెట్‌లోకి వచ్చిన తరువాత ఆ పెరుగుదల మరింత ఎక్కువైందనీ, భార్య పోయిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు అది అన్నిటికన్నా ఎక్కువగా ఉందనీ వారు గమనించారు. భర్తను కోల్పోయిన స్త్రీలలో అటువంటి పెరుగుదల కనిపించలేదు.

ఆ ఆరు నెలల నుంచి ఏడాది అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది అమెరికా లెక్కే అయినా, మన ఇళ్లలో ఆ కాలం ఎలా ఉంటుందో మనకు తెలుసు. పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు, పిల్లలు వారి ఉద్యోగాలకు తిరిగిపోయి ఉంటారు, సంవత్సరీకం ఇంకా రాలేదు. నలభై ఏళ్లు పక్కన ఒక మనిషి ఉన్న మంచం మీద ఒక్కడూ పడుకునే పెద్దాయన ఒక స్పర్శ కోసం, ఒక మాట కోసం తపిస్తే దానిని కాముకత్వమని ఈసడించడం అన్యాయమని నా నమ్మకం. ఆ ఈసడింపుకు భయపడే ఆయన రహస్యంగా వెళతాడు, రోగం వచ్చినా రహస్యంగానే భరిస్తాడు.

పైగా, గర్భం వస్తుందన్న భయం లేని వయసు కనుక నిరోధ్ అవసరమన్న ఆలోచనే చాలామందికి రాదు. ముట్లుడిగిన స్త్రీలకు యోని పొర పలచబడి సులభంగా చీరుకుంటుంది. అందువల్ల వ్యాధి సోకడానికి దారి ఏర్పడుతుంది. మన పెద్దలు సవాయి అని పిలిచిన సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండు నొప్పి పుట్టించదు, కొన్ని వారాలకు దానంతట అదే మానిపోతుంది. తగ్గిపోయిందనుకుని ఊరుకుంటే, కొందరిలో ఏళ్ల తరువాత అది గుండెనూ మెదడునూ దెబ్బతీస్తుంది. రక్తపరీక్షతో దానిని పట్టుకోవచ్చు, పెన్సిలిన్‌తో నయం చేయవచ్చు. హెచ్‌ఐవీ విషయంలోనైతే నీరసం, బరువు తగ్గడం వంటి లక్షణాలను వయసు మీద పడడంగా పొరబడే ప్రమాదం ఉంది.

మన తెలుగునాట ఈ దుఃఖానికీ ఈ వ్యాధులకూ మధ్య మరింత బాధాకరమైన బంధం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ ఉధృతంగా ఉన్న రోజుల్లో, భర్త మంచాన పడినప్పుడో, పోయిన తరువాతో తమకూ అది సోకిందని తెలుసుకున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. భర్తను తప్ప మరొకరిని ఎరుగని ఆ ఇల్లాళ్లనే నిందించి పుట్టింటికి పంపేసిన అత్తవారిళ్లూ ఉన్నాయి. అమెరికా రికార్డులలో స్త్రీలకు ముప్పు పెరగలేదని చదివి మన ఆడవాళ్లకు భయం లేదనుకోకూడదు. భర్త మరణానికి కారణం స్పష్టంగా తెలియనప్పుడు భార్యకు పరీక్ష చేయించడం ఆమెను అనుమానించడం కాదు, ఆమెను కాపాడుకోవడం.

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీలలో, అంటే సలహా ఇచ్చి పరీక్ష చేసే కేంద్రాలలో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మనిషి సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదనీ, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలనీ 2017లో వచ్చిన చట్టం చెబుతోంది. 1097 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది.

తండ్రి దగ్గర ఈ మాట ఎత్తలేని కొడుకులూ కూతుళ్లూ ఉంటారు. వారు షుగర్ పరీక్షకు తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారికి ముందే ఒక మాట చెప్పి, తాము బయట బెంచీ మీద కూర్చుని, ఆయనను ఒంటరిగా లోపలికి పంపవచ్చు.

సెలవు.