దండారీకి కెమెరాతో వెళ్లేవారికి

అందరికీ నమస్కారం.

ఈసారి దీపావళికి ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్లి నెమలి పింఛాల కిరీటం పెట్టుకుని ఆడే గుస్సాడీల ఫొటోలు తీయాలనుందని మీలో కొందరు చెప్పారు. తప్పకుండా వెళ్లండి. వెళ్లేముందు ఒక్క మాట చెప్పాలని వచ్చాను. దండారీ అంటే ఒక ఊరు ఊరంతా కదిలి ఇంకో ఊరికి చుట్టంగా వెళ్లడం. ఆ చుట్టరికం మీ ఫొటోల్లో కనబడాలి. నెమలి పింఛం ఎలాగూ కనబడుతుంది, దానికోసం మనం పెద్దగా కష్టపడక్కర్లేదు.

రాజ్‌గోండు, కొలాం ఆదివాసులు చేసుకునే ఈ పండుగ ఆశ్వయుజ పౌర్ణమి దాటాక మొదలవుతుంది. దీపావళి అమావాస్య తర్వాత కోలబొడి అనే చివరి వేడుకతో ముగుస్తుంది. ముందుగా వాద్యాలు, కిరీటాలు, వేషానికి కావలసిన వస్తువులన్నీ ఏత్మాసూర్ దేవుడి ముందు పెట్టి పూజ చేస్తారు. ఆ పూజ అయ్యాక తలమీద మల్‌బూర అనే ఆ నెమలి ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి అంతకుముందు మీతో మాట్లాడిన మనిషి కాదు. దేవుడు ఆయన మీదికి వచ్చాడని ఊరి నమ్మకం. ఆ రోజులన్నీ స్నానం చేయడు, ఒంటికి పూసుకున్న బూడిద కడుక్కోడు. ఆయన చేతిలోని రోకలి అనే కర్ర తగిలితే జబ్బు నయమవుతుందని తల్లులు పిల్లల్ని దగ్గరకు తీసుకొస్తారు.

అలాంటి మనిషిని పట్టుకుని ‘అన్నా, కొంచెం ఇటు తిరుగు, ఎండలోకి రా, ఇంకోసారి ఎగురు’ అనడం నా కళ్లతో చూశాను. చాలా బాధేసింది. గుడిలో హారతి ఇస్తున్న పూజారిని ఆపి మళ్లీ ఇవ్వమని అడుగుతామా? ఏది ఎలా జరుగుతుందో అలాగే తీయండి. అందకపోతే వదిలేయండి. రాత్రంతా ఆట ఉంటుంది, మళ్లీ అందుతుంది.

ఊళ్లోకి వెళ్లగానే కెమెరా బ్యాగులోనే ఉంచండి. ‘రాం రాం’ అని పలకరించి, ఊరి పటేల్ ఇల్లు ఎక్కడో అడిగి ఆయన్ను కలవండి. పూజ చేసే దేవారి కూడా అక్కడుంటే ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో ఇద్దరినీ అడగండి. కొన్ని పూజల దగ్గర వద్దంటారు. వద్దంటే వద్దే. దేవుడి దగ్గర చెప్పులు విప్పండి. మల్‌బూరను, రోకలిని, భుజం మీది తోలును ముట్టుకోకండి.

ఇక ఫొటోల సంగతి. నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప ఘట్టం సాయంత్రం పూట పొలిమేరలో జరుగుతుంది. వచ్చే దండారీ దూరం నుంచే వినిపిస్తుంది. డప్పు, తుడుం, పెప్రె, కాలికోం. ఈ ఊరివాళ్లు తమ వాద్యాలతో ఎదురెళ్తారు. రెండు మోతలు ఒకచోట కలుస్తాయి. పెద్దలు ఒకరినొకరు పలకరించుకుంటారు, పిల్లలు వాళ్ల కాళ్ల మధ్య దూరుతుంటారు. రెండు ఊళ్లూ ఒకే ఫ్రేములో ఉండే అవకాశం ఇక్కడే. ఇరవై నాలుగు లేదా ముప్పై అయిదు ఎంఎం లెన్సు పెట్టుకుని దగ్గరికి వెళ్లండి. పెద్ద జూమ్ లెన్సుతో దూరంగా నిలబడితే గుస్సాడీ ముఖం దొరుకుతుంది కానీ ఆయన ఎవరింటికి వచ్చాడో ఫొటోలో ఉండదు.

ఆ పొలిమేర దగ్గర సూర్యుడు వాలుతుంటాడు, అడుగుల కింద దుమ్ము లేస్తుంది. నెమలి ఈకకు రంగు ఎక్కువగా దాని నిర్మాణం మీద వెలుగు పడే తీరు వల్ల వస్తుంది కాబట్టి మీరు రెండడుగులు పక్కకు జరిగితే పచ్చగా ఉన్నది నీలమవుతుంది, ఇంకాస్త జరిగితే నల్లబడుతుంది. అందుకే ఒకేచోట పాతుకుపోకుండా వాళ్ల చుట్టూ తిరగండి. ముఖానికి, ఒంటికి మసి, బూడిద రెండూ ఉంటాయి. కెమెరా మీటర్ తికమకపడుతుంది. మాన్యువల్‌లో పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

చీకటి పడ్డాక ఎల్‌ఈడీ బల్బులు వెలుగుతాయి. షట్టర్ బాగా పెంచితే ఫొటోలో చారలు పడొచ్చు. సెకనులో వందో వంతు దగ్గర మొదలుపెట్టండి. ఒక్కోసారి పదిహేనో వంతుకు దించి చూడండి, పింఛం సుడి తిరుగుతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. ఆటలో ఉన్నవాళ్ల కళ్లలోకి కొట్టడం మర్యాద కాదు.

రాత్రి ఆటలో గుస్సాడీలే ఉండరు. గుమేల, పర్ర వాయిస్తూ గుండ్రంగా ఆడేవాళ్లుంటారు, ఆడవేషం కట్టిన కుర్రాళ్లుంటారు, నవ్వించే నాటకాలుంటాయి. ఒక పక్కన ఆడవాళ్లు రేలా పాట ఎత్తుకుంటారు. ఇంకో పక్కన అంతమంది చుట్టాలకు వండే పొయ్యిలు మండుతుంటాయి. పెళ్లి సంబంధాల మాటలు కూడా ఇలాంటి రాకపోకల్లోనే మొదలవుతాయి. మనం చూసే దండారీ ఫొటోల్లో వంటవాళ్లు దాదాపు కనిపించరు. వాద్యకారులూ తక్కువే. ఆ ఖాళీని మీరు పూరించగలరు.

మార్లవాయి పేరు మీరు వినే ఉంటారు. గుస్సాడీని అడవి దాటించి దేశమంతటికీ చూపించిన కనకరాజు గారిది ఆ ఊరే. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024 అక్టోబరులో కన్నుమూశారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక గోండుల స్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఉన్నదీ అక్కడే. ఆ దంపతుల సమాధులు ఆ ఊళ్లో ఉన్నాయి. హైమన్‌డార్ఫ్ అప్పట్లో తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన వాళ్లతో కలిసి బతికారు, వాళ్ల భాష మాట్లాడారు, చూసింది చూసినట్టు డైరీల్లో రాసుకున్నారు. అందుకే ఆ ఫొటోలకు ఇప్పటికీ అంత విలువ. మీరు కూడా ప్రతి ఫొటోకు ఊరు, తేదీ, వాళ్లు ఒప్పుకుంటే పేరు రాసిపెట్టుకోండి. ‘ఆదిలాబాద్ గిరిజనుడు’ అని ఒక మనిషి ఫొటో కింద రాయడం నాకు అస్సలు నచ్చదు.

వెళ్లే దారి గురించి అడిగారు. రైల్లో అయితే మంచిర్యాలలో దిగి జన్నారం మీదుగా ఉట్నూరు, కారులో అయితే నిర్మల్ దాటి వెళ్లొచ్చు. దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో అనే దేవత గుడి ఉంది. దీపావళి ముందు దండారీలు అక్కడికి వరసగా వస్తాయి. జనసందోహం కావాలనుకునేవారు అక్కడికి, ఊరి ఆతిథ్యం చూడాలనుకునేవారు జైనూరు, ఇంద్రవెల్లి, నార్నూరు వైపు గూడేలకు వెళ్లండి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. స్వెటర్ మర్చిపోవద్దు, తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది. అది పత్తి ఏరే కాలం కూడా. పగలంతా చేలో పనిచేసినవాళ్లే రాత్రి ఆడుతుంటారు. పొద్దున్నే వాళ్లను లేపి పోజులు అడగకండి.

ఇంటికొచ్చాక ప్రింట్లు వేయించండి. ఫోన్‌లో పంపితే నాలుగు రోజుల్లో ఎక్కడో పోతాయి. పటేల్ ఇంటికొకటి, వాద్యకారులకొకటి, వంటచేసిన ఆడవాళ్లకొకటి విడిగా కట్టి మళ్లీ ఏడాది మీరే స్వయంగా ఇచ్చి రండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.