రక్తపరీక్షతో పార్కిన్సన్స్ గమనాన్ని కొలవగలమా?

అందరికీ నమస్కారం.

పార్కిన్సన్స్ ఎంత ముదిరిందో ఇవాళ్టికీ కంటితో చూసి, చేత్తో పట్టి చూసే చెబుతున్నాం. జబ్బు తీవ్రతను కొలిచే ఎమ్‌డీఎస్-యూపీడీఆర్‌ఎస్ అనే మార్కుల పట్టికలోని మూడో భాగంలో వణుకు, బిగుసుకుపోవడం, కదలికల మందగింపు, నడక ఒక్కొక్కదానికీ 0 నుంచి 4 దాకా మార్కులు వేసి, మొత్తం 132కి ఎంతో కూడతాం. ఈ జబ్బుకు ప్రధానంగా ఇచ్చే మందు లెవోడోపా పనిచేస్తున్నప్పుడు ఒక స్కోరు, 12 గంటలు మందు ఆపితే మరో స్కోరు. రాత్రి నిద్ర లేకపోతే అదీ మారుతుంది. జబ్బు అక్కడే ఉన్నా అంకె కదులుతుంది. రక్తంలో నమ్మదగిన గుర్తు కోసం ఇంత ఆరాటం అందుకే.

అయితే జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష వేరు, అది ఎంత వేగంగా ముదురుతోందో చెప్పే పరీక్ష వేరు. వెన్నుద్రవంలో చేసే సీడ్ యాంప్లిఫికేషన్ పరీక్ష మొదటి పనిలో గట్టిది. పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో పేరుకునే ప్రోటీన్ ఆల్ఫా-సిన్యూక్లిన్. తప్పుగా మడతపడినది రవ్వంత ఉన్నా, అది పరీక్షనాళికలోని మామూలు ప్రోటీన్‌ను కూడా తన దారికి లాక్కుంటుంది. పార్కిన్సన్స్ గుర్తుల కోసం సాగుతున్న పీపీఎమ్‌ఐ అనే పెద్ద అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం పార్కిన్సన్స్ ఉన్నవారిలో సుమారు 88 శాతం మందికి ఇది పాజిటివ్. కానీ అది ప్రధానంగా అవును, కాదు అనే జవాబు. ఏడాది తర్వాత మళ్లీ చేసినా పాజిటివ్ అనే వస్తుంది, ఎంత ముదిరిందో చెప్పదు.

పోనీ ఆల్ఫా-సిన్యూక్లిన్ మొత్తాన్నే రక్తంలో కొలుద్దామా? రక్తంలో ఉన్నదాంట్లో 95 శాతానికి పైగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. సన్నసూదితో గట్టిగా లాగడం వల్ల కొన్ని కణాలు పగిలినా మెదడు నుంచి వచ్చిన కొద్దిపాటి సంకేతం మునిగిపోతుంది. కణాలు తీసేశాక మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, లేత గులాబీ రంగులో కనిపిస్తే ఆ నమూనాను ఈ కొలతకు వాడకూడదు.

ఇక న్యూరోఫిలమెంట్ లైట్ చైన్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్. నరాల తంతువులు దెబ్బతింటే బయటికి జారే ప్రోటీన్ ఇది. రక్తంలో మిల్లీలీటరుకు పికోగ్రాముల్లోనే ఉంటుంది కాబట్టి సిమోవా వంటి అతిసున్నిత పద్ధతులు వచ్చాకే కొలవడం సాధ్యమైంది. మొదట్లోనే ఇది ఎక్కువగా ఉన్నవారిలో నడక, జ్ఞాపకశక్తి తొందరగా దిగజారే ధోరణి కనిపిస్తుంది. కానీ అది గుంపులో కనిపించే ధోరణి. ఒక్క మనిషి భవిష్యత్తును ఈ అంకెతో చెప్పబోతే బోల్తా పడతాం. పార్కిన్సన్స్ ఉన్నవారి విలువలు అదే వయసు ఆరోగ్యవంతుల విలువలతో బాగా కలిసిపోతాయి. నా అంచనాలో ఇవాళ దీని అసలు ఉపయోగం వేరే చోట ఉంది. పార్కిన్సన్స్ అనుకున్న మనిషిలో వయసుకు మించి బాగా ఎక్కువగా వస్తే, పార్కిన్సన్స్‌ను పోలి ఉండే మల్టిపుల్ సిస్టమ్ ఆట్రోఫీ గానీ ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ గానీ కాదు కదా అని రోగనిర్ధారణను మళ్లీ చూసుకోవాలి.

ఎన్‌ఎఫ్‌ఎల్‌ను పెంచే ఇతర కారణాలు చాలా ఉన్నాయి. వయసుతో పెరుగుతుంది. మూత్రపిండాలు మందగిస్తే పెరుగుతుంది. బరువు ఎక్కువైతే తక్కువగా కనిపిస్తుంది. కొత్తగా పక్షవాతం వచ్చినా, తలకు దెబ్బ తగిలినా నెలల తరబడి ఎక్కువగానే ఉంటుంది. మరో చిక్కు కూడా ఉంది: చాలాకాలం లెవోడోపా వాడినవారిలో బి12 తగ్గి, చేతులు, కాళ్ల నరాలు దెబ్బతినవచ్చు. అప్పుడు పెరిగిన ఎన్‌ఎఫ్‌ఎల్ మెదడు గురించి కాక పాదాల గురించి చెబుతూ ఉండవచ్చు.

రక్తంలో గుర్తుగా, లెవోడోపాను డోపమిన్‌గా మార్చే డోపా డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము పేరు ఈమధ్య బాగా వినిపిస్తోంది. లెవోడోపాతో కలిపి ఇచ్చే కార్బిడోపా, బెన్సెరాజైడ్ వాడేవారి రక్తంలో అది మందు వల్లే పెరుగుతుంది. మందు మొదలుపెట్టనివారిలోనే దాని అంకెకు అర్థం తేలిగ్గా చెప్పగలం.

యూరిక్ ఆమ్లం కథ వేరు. రక్తంలో అది ఎక్కువున్నవారిలో జబ్బు నెమ్మదిగా సాగుతున్నట్టు కనిపించింది. 298 మందిపై జరిగిన సూర్-పీడీ3 అనే మందుల పరీక్షలో, యూరిక్ ఆమ్లాన్ని పెంచే ఇనోసిన్ ఇచ్చి దాన్ని పెంచారు. అంకె పెరిగింది, జబ్బు వేగం తగ్గలేదు, పైగా మూత్రపిండాల్లో రాళ్లు ఎక్కువయ్యాయి. గమనంతో కలిసి నడిచేదల్లా గమనాన్ని నడిపించేది కాదని 2021లో ఆ ఫలితాలు తేల్చాయి.

ఎన్‌ఎఫ్‌ఎల్ కోసం వరుస నమూనాలు తీయాలనుకునేవారు మొదటి నుంచి చివరిదాకా ఒకే రకం ట్యూబు వాడాలి, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ట్యూబు అయితే ఎప్పుడూ అదే. ప్లాస్మా విలువలు సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి తీసే ద్రవం) కంటే తక్కువ వస్తాయి కాబట్టి రెండూ కలపకూడదు. ట్యూబును ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో 2000 జీ (గురుత్వాకర్షణకు 2000 రెట్ల బలం) వద్ద పది నిమిషాలు తిప్పి, అర మిల్లీలీటరు చొప్పున పాలీప్రొపిలీన్ గొట్టాల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. కరిగించింది మళ్లీ గడ్డకట్టించే అవసరం రాకుండా ఈ పంపకం. వీలైతే ఒక మనిషి నమూనాలన్నీ ఒకే ప్లేటులో, అంటే ఒకే విడతలో, పరీక్షించాలి. వేర్వేరు యంత్రాల అంకెలను నేరుగా పోల్చకూడదు.

రెండుసార్లు వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎల్ విలువల మధ్య తేడా నిజమైన మార్పేనా అన్నది లెక్క వేయాలి. పరీక్షలో ఊగిసలాట 6 శాతం, మనిషిలో సహజంగా ఉండేది 8 శాతం అనుకుందాం. వాటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే, రెండూ కలిసి 10 శాతం. రెండు కొలతల తేడాను 95 శాతం నమ్మకంతో తేల్చే గుణకం 2.77తో దాన్ని గుణిస్తే దాదాపు 28 శాతం; అంతకు లోపు తేడాను నిజమైన మార్పు అనలేం. అంటే 15 నుంచి 18కి చేరితే, 20 శాతమే కాబట్టి, ఏమీ మారలేదన్నట్టే. 20కి చేరితే ఆలోచించాలి, అప్పుడూ ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), బి12 చూశాకే. కనీసం మూడు నమూనాలు ఆరు నెలలకోసారి తీసి, ప్రతిసారీ బరువు, క్రియాటినిన్, మందు మోతాదు, చివరి మాత్ర వేసుకున్న సమయం పక్కనే రాసుకోండి.