సొరంగం తవ్వితే చుట్టూ ఉన్న రాయికి, నీటికి ఏమవుతుంది?

నమస్కారం. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో సున్నా చుట్టండి. అదే మన సొరంగం. రెండు పక్కల నుంచి దాని వైపు పెద్ద బాణాలు, పైనుంచి, కింది నుంచి చిన్న బాణాలు వేయండి. ఇవి కొండ లోపల రాయిని ఎప్పటినుంచో నొక్కి ఉంచిన ఒత్తిళ్లు. నడుమ ఉన్న రాయిని తీసేశాం. అది మోస్తున్న భారమంతా ఇప్పుడు సున్నా అంచుల మీద పడుతుంది.

ఎంత పడుతుంది? గుండ్రని సొరంగానికి లెక్క సులువే. పెద్ద ఒత్తిడిని మూడు రెట్లు చేసి, అందులోంచి చిన్న ఒత్తిడిని తీసేయండి. మన బొమ్మలో పైకప్పు మీద, నేల మీద పడేది అంత.

కెనడాలోని మానిటోబాలో 1990ల మొదట్లో ఒక ప్రయోగం జరిగింది. 420 మీటర్ల లోతున, గ్రానైట్‌లో 3.5 మీటర్ల వ్యాసమున్న సొరంగం తవ్వారు. అక్కడి పెద్ద ఒత్తిడి సుమారు 60 మెగాపాస్కళ్లు (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), చిన్నది 11. మన లెక్క ప్రకారం పైకప్పు మీద 169. అదే గ్రానైట్ ముక్క ప్రయోగశాలలో 200కు పైగా తట్టుకుంది. అంటే సొరంగం చెక్కుచెదరకుండా నిలవాలి. నిలవలేదు! పైకప్పులోనూ నేలలోనూ రాయి పలకలు పలకలుగా ఊడి, లోతైన గాడి పడింది. పేలుడు పదార్థాలు అసలు వాడలేదని గుర్తుంచుకోండి. అందుకే ఈ ప్రయోగాన్ని నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. మందుగుండు పెడితే ఈ దెబ్బకు పేలుడు పగుళ్లు కూడా తోడవుతాయి.

ఇక నీటి సంగతి. పగులు వెడల్పు రెట్టింపైతే అందులో పారే నీరు ఎనిమిది రెట్లవుతుంది. దెబ్బతిన్న రాయి సొరంగం పొడవునా తొడుగులా ఉంటుంది కాబట్టి నీటికి అదే దారి. పైగా సొరంగం లోపల ఉన్నది గాలి పీడనమే. చుట్టుపక్కల సహజమైన పగుళ్లలో దాగిన నీరు కూడా, బావిలోకి ఊరినట్టు ఇటే వస్తుంది.

స్విట్జర్లాండ్‌లోని జోజియే ఆనకట్టకు 1978లో ఇదే ముప్పు తెచ్చింది. దాదాపు కిలోమీటరున్నర దూరంలో, రోడ్డు సొరంగం కోసం పరిశీలనకు తవ్విన చిన్న సొరంగం కొండలోని నీటిని తోడేసింది. పగుళ్లను లోపలి నుంచి ఎత్తిపట్టిన నీటి పీడనం తగ్గి, కొండ కుదించుకుపోయింది. 156 మీటర్ల ఎత్తైన ఆనకట్ట పది సెంటీమీటర్లకు పైగా కుంగి, కాంక్రీటు బీటలు వారింది. జలాశయాన్ని ఖాళీ చేయాల్సి వచ్చింది.

కాబట్టి తవ్వకం మొదలుకాక ముందే చుట్టుపక్కల బావులు, బోర్లు, ఊటల్లో నీటిమట్టాలు కొలిచి రాసుకోవాలి. ఒక్క వానాకాలం, ఒక్క ఎండాకాలమైనా అందులో ఉండాలి. లేకపోతే ఒక ఊరి బోరు ఎండినప్పుడు, అది సొరంగం వల్లనా, వానలు లేకనా అన్నది ఎవరూ తేల్చలేరు. తవ్వేటప్పుడు సొరంగం ముఖానికి, అంటే తవ్వుతున్న కొసకు, ముందున్న రాయిలోకి బోర్లు వేసి, సిమెంటు పాలు ఎక్కించి పగుళ్లు మూయాలి. నీరు దూకడం మొదలయ్యాక మూయడం చాలా కష్టం. ప్రవాహమే సిమెంటును కడిగేస్తుంది.