పది మందిలో ఒకరు తప్పకుండా అడుగున ఉండాలా?

[తెర మీద: మీటింగ్ రూమ్. బల్ల మీద పది పేర్లున్న కాగితం, పక్కన పెన్సిల్.]

నమస్కారం. అప్రైజల్ సీజన్. మేనేజర్ ముందు పది పేర్లున్నాయి. పది మందీ ఏడాదంతా బాగానే పనిచేశారు. అయినా ఒకరికి అట్టడుగు రేటింగ్ ఇచ్చి తీరాలి. ఒక పేరు పక్కన గీత పెడతాడు, చెరిపేస్తాడు. ఇంకో పేరు పక్కన పెడతాడు. చివరికి ఆర్నెల్లు ప్రసూతి సెలవులో ఉన్నావిడ పేరు దగ్గర పెన్సిల్ ఆగిపోతుంది.

ఐటీలో పనిచేసేవాళ్లకి ఈ టెన్షన్ గురించి నేను చెప్పక్కర్లేదు. బెల్ కర్వ్ అంటే ఇదే: అందరూ బాగా చేసినా ఇంత శాతం మంది అడుగున ఉండి తీరాలనే రేటింగ్ పద్ధతి.

దీనికి పెద్ద పేరు తెచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. జాక్ వెల్చ్ సీఈవోగా ఉన్నప్పుడు అక్కడ ఉద్యోగుల్ని పైన 20 శాతం, మధ్యలో 70, కింద 10 అని విడగొట్టేవారు. మైక్రోసాఫ్ట్‌లోనూ ఇలాంటి పద్ధతే ఏళ్ల తరబడి నడిచింది. మరి అక్కడ ఏం జరిగింది? మంచి ఇంజనీర్లు మరో మంచి ఇంజనీర్ ఉన్న టీమ్‌లోకి వెళ్లడానికి వెనకాడారు. పక్కవాడికి సాయం చేస్తే తన ర్యాంకు పోతుందని భయం. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. కొలత ఎలా ఉంటే మనుషులు అలాగే నడుచుకుంటారు.

[తెర మీద: 2013 జులై, 2013 నవంబర్]

2013 జులైలో అప్పటి సీఈవో స్టీవ్ బామర్ 'వన్ మైక్రోసాఫ్ట్' అని ప్రకటించారు. విభాగాలన్నీ ఒకే కంపెనీగా కలిసి పనిచేయాలన్నదే ఆ వ్యూహం. కానీ రేటింగేమో పక్కవాడితో పోటీ పడమంటోంది! రెండూ ఒకే చోట ఎలా ఇముడుతాయి? అదే ఏడాది నవంబర్‌లో ఆ రేటింగ్‌లను తీసేశారు. వాటి స్థానంలో మూడు విషయాలు చూడడం మొదలుపెట్టారు. నువ్వేం సాధించావు? వేరేవాళ్లు చేసిన పనిని ఎంత బాగా వాడుకున్నావు? వేరేవాళ్ల విజయానికి నువ్వేం చేశావు?

నాకు ఆ మూడో ప్రశ్న చాలా ఇష్టం. జూనియర్‌తో కూర్చుని రాత్రి పది గంటలకి బగ్ వెతికిపెట్టిన మనిషి పని అంతకు ముందు ఏ లెక్కలోకీ వచ్చేది కాదు.

మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో. అంటే ఆయన రావడానికి దాదాపు మూడు నెలల ముందే ఈ మార్పు జరిగింది. ఘనతంతా ఆయనకే ఇచ్చేస్తుంటాం గానీ, కొలత ముందే మారి ఉండడం ఆయనకి బాగా కలిసొచ్చిందని నేననుకుంటాను. తర్వాత క్లౌడ్ వైపు, అంటే ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్ సేవలు అందించే వ్యాపారం వైపు వెళ్లినప్పుడు సేల్స్ వాళ్ల ఇన్సెంటివ్ కూడా మారింది. లైసెన్స్ అమ్మితే సరిపోదు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీస్ అయిన అజూర్‌ని కస్టమర్ నిజంగా ఎంత వాడుతున్నాడో చూడటం మొదలైంది.

[తెర మీద: హెచ్ఆర్ డాష్‌బోర్డ్. పెద్ద అక్షరాల్లో '8 శాతం'.]

ఇప్పుడు మన సంగతి. ఒక లెక్క వేద్దాం. 200 మంది ఉన్న కంపెనీ, ఏడాదిలో 16 మంది మానేశారు. అట్రిషన్, అంటే మానేసినవాళ్ల శాతం, 8. అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ ఈ కంపెనీ వచ్చే రెండేళ్లకి పెట్టుకున్న ఆశంతా క్లౌడ్ సెక్యూరిటీ మీద. ఆ పని తెలిసినవాళ్లు పది మందే. వెళ్లిపోయిన 16 మందిలో ఐదుగురు వాళ్లే. అంటే అసలైన చోట అట్రిషన్ 50 శాతం!

ట్రైనింగ్ గంటలూ అంతే. స్క్రీన్‌కి ఒక మూల వీడియో మ్యూట్‌లో నడుస్తుంటుంది, మనం పని చేసుకుంటూ మధ్యమధ్యలో 'నెక్స్ట్' నొక్కుతుంటాం. 40 గంటలు పూర్తి! దానికి బదులు, నేర్చుకున్నవాళ్లలో ఎంతమందికి ఆర్నెల్లలో ఆ పని అప్పగించారో లెక్కపెట్టండి. కీలకమైన కుర్చీ ఖాళీ అయితే ఎన్ని రోజులు ఖాళీగా ఉంటోంది? లోపలివాళ్లతో నింపగలుగుతున్నారా?

హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లు ఈ వారం ఒక గంట కేటాయించండి. కంపెనీ వ్యూహాన్ని ఒక కాగితం మీద రాసి, అది ఎవరు లేకపోతే ఆగిపోతుందో ఆ ఉద్యోగాల పేర్లు కింద రాయండి. తర్వాత డాష్‌బోర్డ్ తెరిచి, ఆ ఉద్యోగాల గురించి అందులో ఒక్క అంకె అయినా ఉందేమో వెతకండి.

[తెర మీద: అదే పది పేర్ల కాగితం. ఈసారి ప్రతి పేరు పక్కన 'ఎవరికి సాయం చేశారు?' అన్న ఖాళీ గడి.]